ప్యానిక్ డిజార్డర్ ఉన్న తల్లి కిడ్నాపైతే: సస్పెన్స్ నవల రాస్తున్నవారికి ఒక సైకియాట్రిస్టు జవాబు

మీరు చెప్పిన కథ ఇదీ. విజయవాడలో ఉండే నలభై రెండేళ్ల గృహిణి, ఇద్దరు పిల్లల తల్లి, కొన్నేళ్లుగా ప్యానిక్ డిజార్డర్‌కి, అంటే ఉన్నట్టుండి విపరీతమైన భయం పదేపదే ముంచుకొచ్చే ఆందోళన జబ్బుకి, మాత్రలు వేసుకుంటోంది. భర్త వ్యాపారంలో డబ్బు గొడవల వల్ల ఆవిడని కారులో ఎత్తుకుపోయి, ఆకివీడు దగ్గర రొయ్యల చెరువుల మధ్య ఒక కాపలా షెడ్డులో ఆరు రోజులు ఉంచుతారు. మీరు అడిగినవి మూడు. ఆవిడ ఎప్పుడూ భయపడుతూనే ఉంటే చదివేవాళ్లకి విసుగు రాదా? మాత్రలు అందకపోతే ఏమవుతుంది? చివర్లో ఆవిడే తప్పించుకుంటే నమ్ముతారా? ఆందోళన జబ్బులతో వచ్చేవాళ్లని చాలా ఏళ్లుగా చూస్తున్న డాక్టర్ని నేను, సస్పెన్స్ నవలలంటే వీక్లీ సీరియళ్ల రోజుల నుంచీ ప్రాణం. అందుకని రెండు వైపుల నుంచీ చెప్తాను, కాస్త పొడుగ్గానే.

ముందు మొదటి ప్రశ్న, ఎందుకంటే మిగతా రెండూ దీని మీదే ఆధారపడ్డాయి. ఆందోళన జబ్బు బతికేదంతా "ఏమవుతుందో" అన్న దాని మీద. జరిగిపోతున్న దాని మీద కాదు. ఇంట్లో కూర్చుని కూతురు ట్యూషన్ నుంచి పావుగంట ఆలస్యమైతే యాక్సిడెంట్ అయిందేమోనని చెమటలు పట్టి నేలమీద కూలబడే మనిషి, నిజంగా ఇంట్లో నిప్పు అంటుకున్న రోజు అందర్నీ బయటికి పంపి, గ్యాస్ కట్టేసి, కాగితాల సంచీ కూడా పట్టుకుని వచ్చేస్తుంది. పేషెంట్లు ఇది మాకు ఎన్నోసార్లు చెప్తారు, చెప్తూ వాళ్లే ఆశ్చర్యపోతారు. ప్రమాదం కళ్లముందు ఉన్నప్పుడు చెయ్యాల్సిన పని కనిపిస్తుంది, మనసు ఊహించుకోవడానికి చోటుండదు. అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు, కొంతమంది కొయ్యబారిపోతారు కూడా, నోరు పెగలదు, కాళ్లు కదలవు, అది పిరికితనం కాదు శరీరం చేసే పని. కానీ కారులోకి లాగిన క్షణం నుంచీ ఆవిడ కేకలు పెడుతూ వణికిపోతూనే ఉంటుందని మాత్రం రాయకండి. ఆ మొదటి అరగంట ఆవిడ మీకే ఆశ్చర్యం కలిగేంత స్థిమితంగా ఉండవచ్చు. కారు ఎన్ని స్పీడ్ బ్రేకర్లు ఎక్కిందో, టోల్ గేటు దగ్గర ఆగిందో లేదో గమనిస్తుండవచ్చు. భయం అంతా తర్వాత వస్తుంది, షెడ్డులో పడేసి తలుపు గడియ పెట్టి వెళ్లిపోయాక, ఎవరూ ఏమీ చెయ్యనప్పుడు, ఏమీ చెప్పనప్పుడు. ఆ ఖాళీ గంటలు ఆవిడ జబ్బుకి సొంత ఊరు లాంటివి.

కాబట్టి మీ నవలలో సస్పెన్స్ ఎత్తుకుపోవడంలో లేదు, ఎదురుచూడటంలో ఉంది. నిజమైన కిడ్నాపుల్లోనూ అంతే. 2000 జూలై 30న కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ని గాజనూరులోని ఆయన ఇంటి నుంచి గంధపు చెక్కల స్మగ్లర్ వీరప్పన్ తీసుకుపోయాడు, 108 రోజులు అడవిలో ఉంచాడు. ఆ 108 రోజుల్లో పేపర్ల నిండా ఉన్నది తుపాకీ కాల్పులు కాదు, అడవి నుంచి వచ్చే ఆడియో క్యాసెట్ల కోసం ఎదురుచూపులు. తర్వాతి క్యాసెట్ ఎప్పుడొస్తుంది, అందులో ఏముంటుంది. మీ కథలోనూ రెండు వైపులా అదే ఎదురుచూపు పెట్టండి, షెడ్డులో ఆవిడది, ఇంట్లో పిల్లలది.

ఇక విసుగు సంగతి. "ఆమె భయంతో వణికిపోయింది" అని పదిసార్లు రాస్తే ఎవరికైనా విసుగే. ఆందోళన అనేది ఒకే భావం కాదు, దానికి ఎక్కడం దిగడం ఉంటాయి, దాన్ని బట్టి మీ అధ్యాయాలు నడవాలి. ప్యానిక్ ఎటాక్ అన్నది ఒక్కసారిగా మొదలై కొద్ది నిమిషాల్లోనే, మామూలుగా పది నిమిషాల లోపు శిఖరానికి చేరి తర్వాత దిగుతుంది. రెండు గంటల పాటు ఆగకుండా ప్యానిక్ ఎటాక్ వచ్చిందని నవలల్లో రాస్తుంటారు, అలా ఉండదు. ఒకటి తగ్గాక ఇంకోటి రావచ్చు, మధ్యలో ఒళ్లంతా పీల్చేసినట్టు నీరసం ఉంటుంది. లోపల జరిగేది ఇది: గుండె దడదడలాడుతుంది, ఊపిరి చాలట్లేదనిపించి వేగంగా పీలుస్తుంది, అలా పీల్చేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెదాల చుట్టూ, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది, ఆ తిమ్మిరి చూసి "పక్షవాతం వస్తోంది, చచ్చిపోతున్నాను" అనుకుని ఇంకా వేగంగా పీలుస్తుంది. నోరు ఎండిపోతుంది. అర్జెంటుగా బాత్రూముకి వెళ్లాలనిపిస్తుంది, కట్టేసి ఉన్న మనిషికి అది ఎంత అవమానమో ఆలోచించండి, దాన్ని వదిలెయ్యకండి. కొంతమందికి చుట్టూ ఉన్నదంతా నిజం కాదన్నట్టు, అద్దం అవతలి నుంచి చూస్తున్నట్టు అనిపిస్తుంది.

ఒక ముఖ్యమైన విషయం, ప్యానిక్ ఎటాక్‌లో మనిషి స్పృహ తప్పి పడిపోవడం చాలా అరుదు. పడిపోతానన్న భయం ఉంటుంది కానీ ఆ సమయంలో రక్తపోటు పెరిగి ఉంటుంది, స్పృహ తప్పాలంటే అది పడిపోవాలి. రక్తం చూస్తే కళ్లు తిరిగే వాళ్ల కథ వేరు. సినిమా హీరోయిన్ లాగా ప్రతి అధ్యాయం చివరా ఆవిడని మూర్ఛపోనివ్వకండి. అలాగే కర్చీఫ్‌కి క్లోరోఫాం పూసి ముక్కు దగ్గర పెడితే రెండు సెకన్లలో నిద్రపోవడం కూడా వద్దు. దానికి నిమిషాలు పడుతుంది, మోతాదు ఎక్కువైతే మనిషే పోతుంది. నోటికి గుడ్డ కట్టారని రాశారు కాబట్టి అది చాలు, ముక్కుతో మాత్రమే ఊపిరి తీసుకోవాల్సి రావడం ప్యానిక్ ఉన్న మనిషికి ఎంత నరకమో అది ఒక్కటే ఒక అధ్యాయానికి సరిపోతుంది.

ఆ అధ్యాయంలో ఆవిడ ఏం చేస్తుందో కూడా చూపించండి. కొన్నేళ్లుగా వైద్యం చేయించుకుంటున్న మనిషికి కొన్ని పద్ధతులు తెలిసి ఉంటాయి. ఊపిరి గట్టిగా పీల్చడం కాదు, మెల్లగా పొడుగ్గా వదలడం. కనిపించేవి అయిదు, తాకగలిగేవి నాలుగు, వినిపించేవి మూడు అని లెక్కపెట్టుకోవడం. చీకట్లో కళ్లకి గంతలుంటే ఆ లెక్క పనికిరాదు. అప్పుడు తన పిల్లలకి నేర్పిన ఎక్కాలు అందుకోవచ్చు. పదమూడు ఒకట్లు పదమూడు, పదమూడు రెళ్లు ఇరవై ఆరు, పదమూడు మూళ్లు ముప్పై తొమ్మిది, ఒక్కో మెట్టుకీ ఒక్కో ఊపిరి వదులుతూ. ఎక్కడో తడబడి మళ్లీ మొదటికి వస్తుంది. కొడుకు ఎప్పుడూ "పదమూడు ఏళ్లు తొంభై ఒకటి" దగ్గరే తడబడేవాడని గుర్తొస్తుంది. తల్లి ప్రేమ గురించి రెండు పేజీల డైలాగులు రాసే బదులు ఇది చాలు. ఇలాంటి తల్లి బందీగా ఉన్నప్పుడు "నా పిల్లల కోసం బతకాలి" అని పెద్ద మాటలు అనుకోదు. అమ్మాయి ఇంటర్ హాల్ టికెట్ బీరువాలో ఏ అరలో పెట్టానో ఎవరికీ చెప్పలేదే అనుకుంటుంది, పాలు స్టవ్ మీద పెట్టి వచ్చానా అనుకుంటుంది, ఆ రెండో ప్రశ్న దగ్గర గంట సేపు తిరుగుతుంది. చావు గురించి ఆలోచించలేని మనసు పాల గిన్నె దగ్గర ఆగుతుంది.

రెండో ప్రశ్న మాత్రలు. నాకు మీ కథలో అన్నిటికన్నా ఆసక్తి ఉన్నది ఇక్కడే, మీరు దీన్ని ఒక లైనులో దాటేద్దామనుకున్నట్టున్నారు, దయచేసి దాటకండి. మన దగ్గర ఇలాంటి పేషెంటుకి ఉండే చీటీ సుమారుగా ఇలా ఉంటుంది: పొద్దున ఆందోళనని అదుపులో ఉంచే ఎస్సిటాలోప్రామ్, రాత్రి మనసుని శాంతపరిచి నిద్ర పట్టించే అల్ప్రాజోలామ్. రెండోది కొద్ది వారాలకే అని డాక్టరు చెప్పి ఉంటాడు, కానీ నిద్ర పడుతోంది కదా అని పాత చీటీ మీదే ఏళ్ల తరబడి కొనుక్కునేవాళ్లు ఊరికి ఎంతోమంది. అల్ప్రాజోలామ్ శరీరంలోంచి త్వరగా వెళ్లిపోయే మందు, సగం దిగడానికి సుమారు 11 గంటలు. కాబట్టి మొదటి రాత్రే నిద్ర ఉండదు. రెండో రోజుకి చేతులు వణకడం, చెమటలు, మందు మొదలుపెట్టక ముందున్న దానికన్నా ఎక్కువ ఆందోళన, వెలుతురూ శబ్దమూ భరించలేకపోవడం. దీని మీద ఎస్సిటాలోప్రామ్ ఆగిన ప్రభావం కూడా వచ్చి పడుతుంది, రెండు మూడు రోజులకి తల తిప్పినా కళ్లు పక్కకి తిప్పినా తలలో చిన్న కరెంటు షాకు కొట్టినట్టు, వికారం, విచిత్రమైన కలలు, ఊరికే కోపం, ఊరికే ఏడుపు. ఎక్కువ మోతాదులో చాలా కాలం వాడిన వాళ్లకి అల్ప్రాజోలామ్ ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ కూడా రావచ్చు. తక్కువ మోతాదుకి అది అరుదు. మీ కథకి ఫిట్స్ కావాలంటే ఆవిడ ఏళ్లుగా మోతాదు తనే పెంచుకుంటూ వచ్చిందని మొదటి అధ్యాయాల్లోనే ఎక్కడో వేసి ఉంచాలి.

ఇదంతా పుస్తకంలో మాటలు కాదు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో వందలాది మంది వింతగా ప్రవర్తిస్తూ, వణుకుతూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకి వచ్చారు. ఆ కల్లులో కలిపేది అల్ప్రాజోలామ్, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివే. తమకి ఏ మందు అలవాటైందో కూడా చాలామందికి తెలియదు. మీ షెడ్డులో కాపలా ఉండే మనిషి అలాంటి ఊరి నుంచి వలస వచ్చినవాడైతే, ఇలాంటి వణుకు ఇంట్లోనే చూసి ఉంటే, మిగతావాళ్లు "నాటకాలాడుతోంది" అంటుంటే వాడొక్కడికే అది నాటకం కాదని తెలుస్తుంది. ఇది మీరు వాడుకోండి.

మందుల షాపు ఇంకా పెద్ద మలుపు. అల్ప్రాజోలామ్ షెడ్యూల్ హెచ్1 మందు. అంటే షాపువాడు చీటీ చూసి మాత్రమే ఇవ్వాలి, విడిగా ఒక రిజిస్టర్ పెట్టాలి, అందులో రాసిన డాక్టరు పేరు, పేషెంటు పేరు, మందు, ఎన్ని ఇచ్చాడో రాయాలి, ఆ రిజిస్టర్ మూడేళ్లు దాచాలి. ఆవిడ పరిస్థితి చూసి, చచ్చిపోతే డబ్బు రాదని భయపడి కిడ్నాపర్లలో ఒకడు మాత్రల కోసం టౌనుకి వెళ్తాడనుకోండి. చీటీ లేదు. షాపువాడు నిక్కచ్చి మనిషైతే ఇవ్వడు, లేదా డాక్టరు పేరు చెప్పు రాసుకుంటానంటాడు. ఆ పేరు కిడ్నాపర్‌కి ముందే ఆవిడ చెప్పి పంపి ఉంటుంది, తన అసలు డాక్టరు పేరు, విజయవాడ డాక్టరు పేరు. ఆకివీడులో ఒక చిన్న షాపు రిజిస్టర్లో ఆ పేరు పడిందంటే అది ఆవిడ బయటికి పంపిన ఉత్తరమే.

కానీ ఆ ఉత్తరం ఎవరు చదువుతారు? ఆవిడ ఏ మాత్ర వేసుకుంటుందో తెలిసినవాళ్లు ఉంటేనే పోలీసులు ఆ రిజిస్టర్ల జోలికి వెళ్తారు. మన ఇళ్లల్లో ఈ మాత్రలు ఎక్కడుంటాయో మీకు తెలిసే ఉంటుంది. పోపుల డబ్బా వెనక, బియ్యం డబ్బాలో, చీరల మడతల్లో. అత్తగారు అడిగితే బి-కాంప్లెక్స్ అంటారు, భర్తకి "ఏవో నరాల బిళ్లలు" అని మాత్రమే తెలుసు. ఎస్సై భర్తని అడిగే మొదటి ప్రశ్న "ఇంట్లో ఏమైనా గొడవపడ్డారా", రెండో ప్రశ్న "ఆవిడకి మెంటల్‌గా ఏమైనా ప్రాబ్లమా". పరువు కోసం భర్త లేదంటాడు. ఆ ఒక్క అబద్ధం వల్ల రెండు రోజులు పోతాయి. నిజం తెలిసింది పదిహేడేళ్ల కూతురికి, తనే ఎప్పుడూ షాపుకి వెళ్లి తెచ్చేది, ఫోన్లో స్ట్రిప్ ఫోటో కూడా ఉంది, కానీ ఎవరికీ చెప్పనని అమ్మకి మాటిచ్చింది. నా దృష్టిలో మీ నవల గుండెకాయ ఇదే. ఆవిడని బంధించింది ముగ్గురు మనుషులు, వెతికే దారి మూసేసింది ఇంట్లో వాళ్ల సిగ్గు. క్లినిక్‌లో నేను రోజూ చూసేది ఈ సిగ్గునే, దీని గురించి మన భాషలో ఒక మంచి నవల రావాలని నా కోరిక.

పోలీసు అధ్యాయాల కోసం కొన్ని విషయాలు త్వరగా చెప్పేస్తాను. మీ కథ 2024 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ జరిగితే ఐపీసీ సెక్షన్లు రాయకండి, భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పెద్దవాళ్లని బలవంతంగా ఎత్తుకుపోవడం 138 కిందికి వస్తుంది, చంపుతామని బెదిరించి డబ్బు అడిగితే 140(2), దానికి మరణశిక్ష లేదా యావజ్జీవం. ఏ స్టేషన్ పరిధిలో జరిగినా దగ్గర్లో ఉన్న స్టేషన్లో జీరో ఎఫ్‌ఐఆర్ కట్టించుకోవచ్చు. డాక్టరు పాత్ర పెడితే ఆయన పేషెంటు వివరాలు అడగ్గానే చెప్పెయ్యకూడదు, మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017 ప్రకారం అవి గోప్యం, ప్రాణాపాయం ఉన్నప్పుడు అవసరమైనంత మేరకు చెప్పవచ్చు. ఆ తటపటాయింపు ఒక మంచి సీను.

స్టాక్‌హోమ్ సిండ్రోమ్, అంటే బందీలు తమని బంధించినవాళ్ల మీదే అభిమానం పెంచుకోవడం, పెట్టాలా అని కూడా ఎక్కడో అన్నారు. వద్దు. 1973 ఆగస్టులో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఒక బ్యాంకులో నలుగురు ఉద్యోగులు ఆరు రోజులు బందీలుగా ఉన్న కేసు నుంచి ఆ పేరు వచ్చింది. మేము జబ్బులు నిర్ధారించే పుస్తకాల్లో అది ఒక జబ్బుగా లేదు. ఆ బందీల్లో ఒకరైన క్రిస్టిన్ ఎన్‌మార్క్ స్వీడన్ ప్రధానమంత్రితో ఫోన్లో మాట్లాడి, తనకి దొంగల కన్నా పోలీసులు లోపలికి దూసుకొస్తారన్నదే ఎక్కువ భయంగా ఉందన్నట్టు చెప్పింది. తుపాకుల మధ్య ఇరుక్కున్న మనిషికి అది సహజమైన లెక్క. మీ హీరోయిన్ కాపలావాడితో మంచిగా మాట్లాడితే అది మందు కోసం, నీళ్ల కోసం, బతకడం కోసం. దానికి పెద్ద పేరు తగిలించి ఆవిడ తెలివిని తక్కువ చెయ్యకండి.

మూడో ప్రశ్న, ఆవిడ తప్పించుకుంటే నమ్ముతారా. నమ్ముతారు, కానీ ఆందోళనని అతీంద్రియ శక్తిలా చెయ్యకపోతేనే. ఈ మధ్య వచ్చే కథల్లో భయస్థురాలికి అన్నీ ముందే వినిపిస్తాయి, ముందే తెలుస్తాయి. నిజానికి ఈ జబ్బు కాపలా కుక్క లాంటిది, పిల్లి కదిలినా అదే మొరుగు, దొంగ వచ్చినా అదే మొరుగు. ఆవిడ ప్రతి చప్పుడూ వింటుంది, చాలావాటికి తప్పు అర్థం చెప్పుకుంటుంది. అవి తప్పని పాఠకుడికి తెలియాలి, రెండు మూడుసార్లు అయినా.

మీ షెడ్డు రొయ్యల చెరువు మీద ఉండటం అదృష్టం. రాత్రిళ్లు నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, తెల్లవారుజామున మరీ తక్కువ, అందుకని రాత్రంతా ఏరేటర్లు, అంటే నీటిని చిలికి గాలి కలిపే మిషన్లు, తిరుగుతూ ఉంటాయి. మందు ఆగి శబ్దం భరించలేని స్థితిలో ఉన్న మనిషికి ఆ చప్పుడు మొదటి రెండు రాత్రులూ చిత్రహింస. హెలికాప్టరనుకుంటుంది, రైలనుకుంటుంది, తనని పూడ్చడానికి తెచ్చిన మిషననుకుంటుంది. మూడో రాత్రికి ఆ చప్పుడుకి ఒక వరస ఉందని తెలుస్తుంది, ఎప్పుడు ఎక్కువవుతుంది, ఎప్పుడు కొన్ని ఆపుతారు, కరెంటు పోయినప్పుడు ఎంతసేపటికి జనరేటర్ అందుకుంటుంది. ఇక అయిదో రాత్రో ఆరో రాత్రో మూడు గంటల వేళ కరెంటు పోతుంది, జనరేటర్ అందుకోదు. చెరువు మీద పనిచేసిన ఎవర్నడిగినా చెప్తారు, నిండు పంట ఉన్న చెరువులో ఆ వేళ ఏరేటర్లు ఆగితే కాసేపట్లో రొయ్య పైకి తేలుతుంది, లక్షల రూపాయల పంట పోతుంది. కాపలావాడు అన్నీ వదిలేసి జనరేటర్ దగ్గరికి పరిగెత్తుతాడు. వాడికి కిడ్నాప్ కన్నా చెరువు ముఖ్యం.

ఆ నిశ్శబ్దంలో ఆవిడ వెంటనే లేచి పరిగెత్తకూడదు. ముందు కొయ్యబారిపోవాలి. అలవాటైన చప్పుడు ఆగిపోవడమే ఆవిడకి కొత్త భయం. చేతులు వణుకుతూ గడియ రెండుసార్లు జారాలి, తలలో ఆ కరెంటు షాకు కొట్టాలి, పదమూడు ఎక్కం మధ్యలో తెగిపోవాలి. తర్వాత బయటికి రావాలి, భయం తగ్గి కాదు, భయంతోనే. చెరువు గట్ల మీద చీకట్లో నడవడం ఎంత కష్టమో, ఏ గట్టు ఎక్కడ తెగి ఉంటుందో ఆ ప్రాంతం వాళ్లని అడిగి రాయండి. నేను చెప్పలేను.

దొరికాక కథ వెంటనే ముగించకండి. జరిగింది ఆవిడకి ముక్కలు ముక్కలుగా గుర్తుంటుంది, వరసగా చెప్పలేకపోతుంది, అది చూసి వాంగ్మూలం తీసుకునేవాళ్లు అనుమానించవచ్చు. మొదటి నెలలో పీడకలలూ ఉలికిపాట్లూ ఉంటే అక్యూట్ స్ట్రెస్ అంటాం, నెల దాటి కొనసాగితేనే పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మిగిలిపోయే మానసిక జబ్బు) అనే మాట వాడతాం, కాబట్టి ఆస్పత్రిలో రెండో రోజే మీ డాక్టరు చేత ఆ మాట అనిపించకండి. మొదటి రోజే కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పమని బలవంతం చెయ్యడం మంచిది కాదని ఇప్పుడు మాకు తెలుసు. నిద్ర, తిండి, సరైన మోతాదులో మందు, పక్కన పిల్లలు, ముందు ఇవి.

మీ నవల చదివేవాళ్లలో ఈ మాత్రలు వేసుకునేవాళ్లు తప్పకుండా ఉంటారు. షెడ్డు అధ్యాయాలు చదివి భయపడి ఎవరైనా ఉన్నట్టుండి మందు మానేస్తే ప్రమాదం, ఈ మందులు డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగానే తగ్గించాలి. ఆ సంగతి కథలోనే మీ డాక్టరు పాత్ర నోట పలికించండి, పుస్తకం చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 వెయ్యండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. రాత ప్రతి పూర్తయ్యాక షెడ్డు అధ్యాయాలు మాత్రం ప్యానిక్ ఎటాక్‌లు నిజంగా అనుభవించిన ఒక తల్లి చేత, ఆవిడకి ఇష్టమైతేనే, ముందే విషయం చెప్పి చదివించండి. "ఇలా ఉండదు" అని ఆవిడ పెన్సిల్‌తో గీత పెట్టిన చోటల్లా నా మాట కన్నా ఆవిడ మాటే వినండి.